వాయవ్యపు వాలు

ఆ ఆఫీసులో పద్మశ్రీకి అన్నిటికన్నా నచ్చింది కుర్చీ.

అంతకు ముందు పదేళ్లు ఆమె నాచారం పారిశ్రామికవాడలోనే ఒక మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సెక్షన్‌లో చేసింది. బెల్టు మీద మాత్రల అట్టలు వస్తుంటాయి. నిలబడి తీసి డబ్బాల్లో పెట్టాలి. షిఫ్టు అయ్యేసరికి కాళ్లు తనవి కానట్టుండేవి. పిక్కల మీద నరాలు ముడులు పడి నీలంగా తేలాయి. దవాఖానాలో డాక్టరు చూసి, నిలబడే పని మానెయ్యమన్నాడు. కూర్చునే పని ఎక్కడుంటుందో ఆయన చెప్పలేదు.

చెప్పింది పక్క పోర్షన్‌లో అద్దెకుండే ఆవిడ. మల్లాపూర్ పోయే దారిలో మసాలా పొడులు పట్టే షెడ్డు మీద ఒక కంప్యూటర్ ఆఫీసు ఉందట. బొమ్మలు చూసి చెప్పాలట. ఇంటర్ చదివి, మౌస్ పట్టుకోవడం వస్తే చాలట. పద్మశ్రీ వెళ్లింది. ఆకాశంలోంచి తీసిన బొమ్మ ఒకటి చూపించి ఏది చెట్టు, ఏది పొలం, ఏది ఇల్లు అని అడిగారు. చెప్పింది. సోమవారం నుంచి రమ్మన్నారు.

కుర్చీకి చక్రాలున్నాయి. కింద ఒక మీట ఉంది. కూర్చుని లాగితే దిగుతుంది, బరువు తీసి లాగితే లేస్తుంది. పద్మశ్రీ పొట్టి మనిషి. మొదటి రోజే మీట లాగి, పాదాలు నేలకు ఆనేదాకా దింపుకుంది.

సాయంత్రం భర్త శివ అడిగాడు.

"ఎట్లుంది పని?"

"కూసునుడే."

"గంతేనా?"

"కూసుని సూసుడు. గంతే."

ఆమె చూసేవి దూరదేశపు కొండలు. వానలు ఎక్కువ పడే చోటు. ఆ దేశం పేరు కాగితాల మీద ఉంది కాని ఆఫీసులో ఎవరూ పలకరు. కొండల ప్రాజెక్టు అంటారు. ఉపగ్రహం తీసిన బొమ్మను చదరాలుగా కోసి పంపుతారు. ఒక్కో చదరం ఒక టైల్. టైల్ తెరిచి, అడవి ఉన్నంత మేర గీత గీసి పచ్చ మీట నొక్కాలి. చెట్లు కొట్టేసిన చోట ఎర్ర మీట. ఏదీ తేలకపోతే బూడిదరంగు మీట. దాని పేరు 'చెప్పలేం'.

ఇలా గుర్తు పెట్టిన టైళ్లన్నీ మోడల్‌కు పోతాయి. మోడల్ ఒక ప్రోగ్రాం. అడవి ఎక్కడెక్కడ పోయిందో చూస్తుంది. రోడ్డుకు ఎంత దూరంలో పోయింది, ఊరికి ఎంత దూరంలో పోయింది, వాలు ఎటు తిరిగి ఉంటే పోయింది అని నేర్చుకుంటుంది. నేర్చుకుని, రాబోయే ఏళ్లలో ఎక్కడ పోతుందో చెబుతుంది. దాన్ని నడిపేది ఫణీంద్ర. అద్దాల గదిలో ఒక్కడే కూర్చుంటాడు. మోడల్ చూపించిన చోట ఆ దేశం వాళ్లు కాపలా పెడతారు. మిగతా చోట్ల పెట్టరు. అన్ని కొండలకు సరిపోయే మనుషులు వాళ్ల దగ్గర లేరు.

ఒక్కో టైల్‌ను ఇద్దరు చూస్తారు. విడివిడిగా. ఒకరు గీసింది ఇంకొకరికి కనపడదు. ఇద్దరిదీ కలిస్తే టైల్ పాసైనట్టు. కలవకపోతే వెనక్కి వస్తుంది. ఏ జోడీది ఎంత మేర కలిసిందో శనివారం గోడ మీద అంటిస్తారు. దాన్ని మ్యాచింగ్ అంటారు. జోడీలోని ఇద్దరూ టైళ్ల గురించి మాట్లాడుకోకూడదు. అది ఒక్కటే నియమం. చేరిన రోజు సంతకం పెట్టించుకున్నారు.

పద్మశ్రీకి జోడీ చంద్రిక. తుని పిల్ల. ఏఎస్ రావు నగర్ మార్కెట్ వెనక వీధిలో ఉంటుంది. పొడుగు మనిషి, మాట వేగం. మధ్యాహ్నం ఇద్దరూ మెట్ల మీద కూర్చుని తినేవారు. ఒకరి గిన్నెలోది ఇంకొకరికి పోయేది. కింద షెడ్డులో ధనియాలు వేయించే రోజు మెట్లన్నీ కమ్మగా ఉండేవి. మిరపకాయలు పట్టే రోజు తుమ్ములు.

మొదటి నెలల్లో వాళ్ల టైళ్లు చాలా వెనక్కి వచ్చేవి. గోడ మీద వాళ్ల పేర్లు అడుగున ఉండేవి. ఒక మధ్యాహ్నం చంద్రిక అడిగింది.

"అక్కా, ఆ నల్లటివాటికి మీరేం కొడుతున్నారు?"

"ఏం నల్లటియి?"

"అదేనండీ, ప్రతి కొండకీ ఓ పక్కంతా నల్లగా ఉంటాది చూడండి. నేను అడవి అనేస్తున్నాను. మీరేమో బూడిద నొక్కుతున్నట్టున్నారు."

"కనవడకపోతె ఏం జెయ్యాలె మరి?"

"బూడిద నొక్కితే సూపర్‌వైజర్ వచ్చి ఎందుకు చెప్పలేవంటాడు. చెప్పలేకే కదా బాబూ చెప్పలేం అన్నది!"

పద్మశ్రీకి నవ్వొచ్చి పొలమారింది. చంద్రిక ఆమె నెత్తి మీద తట్టి, నీళ్ల సీసా అందించింది.

"చుట్టూరా అడవే ఉంది. మధ్యలో నల్లగా ఉన్నది మాత్రం అడవి కాక ఇంకేటవుద్దండీ?"

"గంతే అయితది," అంది పద్మశ్రీ.

మాట అక్కడితో అయిపోయింది. చంద్రిక ఆమె అన్నంలో ఆవకాయ వేసింది. పద్మశ్రీ తన పచ్చిపులుసు చంద్రిక గిన్నెలో పోసింది. మళ్లీ ఎప్పుడూ వాళ్లు ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తవలసిన పని పడలేదు.

ఆ తర్వాత శనివారాల్లో వాళ్ల పేర్లు పైకి పోయాయి. పోయి అక్కడే ఉన్నాయి. మిగతావాళ్లు వాళ్లకు మ్యాచింగ్ సెంటర్ అని పేరు పెట్టారు. ఇద్దరూ కలిసి లోపలికి వస్తుంటే ఎవరో ఒకరు, "అక్కా, నా చీరెకు జాకెట్ ముక్క దొరుకుతదా?" అని అరిచేవారు. "ఉన్నయి గని, నీ రంగుకు లేవు," అనేది పద్మశ్రీ.

ఏడాది గడిచాక ఫణీంద్ర అందరినీ పిలిచి ఒక పటం చూపించాడు. మోడల్ కొత్త విషయం కనిపెట్టిందన్నాడు. ఆ కొండల్లో వాయవ్య దిక్కుకు దిగే వాలుల మీద అడవి చెక్కుచెదరడం లేదు. మిగతా దిక్కుల్లో పోతోంది. "అటు ఎండ తక్కువ. తేమ ఎక్కువ. పంటకి పనికిరాదు. అందుకే మనుషులు దాని జోలికి పోవడం లేదు," అన్నాడు. కారణాలన్నీ సబబుగానే ఉన్నాయి. అందరూ తలలూపారు. పద్మశ్రీ కూడా ఊపింది. ఆ ఏడు కాపలా వాయవ్యపు వాలుల నుంచి తీసి వేరే చోట్ల పెట్టారని తర్వాత తెలిసింది.

అదే సమావేశంలో ఇంకో మాట చెప్పారు. వానాకాలం నుంచి రెండో విడత. దానికి రెండు జోడీలే చాలు. మ్యాచింగ్ చూసి ఉంచుతారు. మిగతావాళ్లు వేరే పని చూసుకోవాలి.

కొందరు మ్యాచింగ్ సెంటర్ వైపు చూశారు. పద్మశ్రీ తన సీటు దగ్గరకు వెళ్లి కూర్చుంది. పాదాలు నేలకు ఆనాయి. ప్యాకింగ్ సెక్షన్‌లో ఇప్పటికీ మనుషులు కావాలని గేటు మీద బోర్డు వేలాడుతోంది. రోజూ దాని ముందునుంచే వస్తుంది ఆమె. ఆ గేటు లోపలికి మళ్లీ వెళ్లకుండా ఉంటే చాలు.

ఎప్పుడూ జనవరి బొమ్మలే వచ్చేవి. మిగతా కాలమంతా ఆ కొండల మీద మబ్బే. ఆ ఏడు మే నెలలో కొన్నాళ్లు మబ్బు విడిచింది. మొదటిసారి ఎండాకాలపు బొమ్మలు వచ్చాయి.

పద్మశ్రీ మొదటి టైల్ తెరిచింది. వాయవ్యపు వాలు మట్టిరంగులో ఉంది. చెట్టన్నది లేదు. జనవరి బొమ్మలో తను పచ్చ నొక్కిన చోటే. ఎర్ర మీట నొక్కింది. రెండో టైల్ కూడా అంతే. మూడోది అంతే. వారం చివర గోడ మీద వాళ్ల మ్యాచింగ్ అంతకు ముందెన్నడూ లేనంత ఎక్కువ వచ్చింది.

ఫణీంద్ర అద్దాల గదిలోంచి బయటికి వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు.

"ఐదు నెలల్లో ఇంత కొట్టేశారా?"

"గట్లనే కనవడుతుంది సార్."

"మనం కాపలా తీయించిన చోటే కొట్టారు." తన తల తడుముకున్నాడు. "వచ్చే మంగళవారం రిపోర్టు పంపాలి. దగ్గరలో ఉన్న ఊళ్లేంటో చూసి గుర్తు పెట్టండి."

కొండల అడుగున కొన్ని కప్పులు కనపడుతున్నాయి. పద్మశ్రీ ఒక్కోదాని చుట్టూ గీత గీసింది.

ఆదివారం సాయంత్రం ఆమె డాబా మీద ఎండిన బట్టలు తీస్తోంది. అత్త వెంకటనర్సమ్మ పిట్టగోడ దగ్గర స్టూలు మీద కూర్చుంది. కంట్లో శుక్లం తీయించుకోవడానికి జనగామ దగ్గరి ఊరి నుంచి వచ్చి వారమైంది. ఇళ్లకప్పుల మీదుగా మౌలాలి గుట్ట కనపడుతోంది. పొద్దు దాని వెనక్కి దిగుతోంది.

"పద్మా, గా గుట్ట మీద చెట్లు మస్తున్నయి గదనే."

"ఏ గుట్ట?"

"గదే, దర్గా గుట్ట. నల్లగ, గుబురుగ. గింత పట్నంల గన్ని చెట్లు ఎవరుంచిన్రే?"

"చెట్లు కావత్తమ్మా. నీడ. పొద్దు ఎనుకకు వొయ్యింది గద. రేపు పొద్దుగాల సూడు, ఉత్త బండ."

"నీ కండ్లకు బండ, నా కండ్లకు చెట్లు. ఆపరేషన్ కానియ్యి, నీ కండ్లు గూడ నేనే సూస్త."

పద్మశ్రీ నవ్వింది. దుప్పటి క్లిప్పు తీయబోయి ఆగింది. చెయ్యి తీగ మీదే ఉండిపోయింది.

"ఏమాయెనే? పగలంత కొండలు సూస్తవు, ఇంటికొచ్చి గూడ కొండనే సూస్తవా?"

"ఏం లేదత్తమ్మా."

గుట్ట ఇప్పుడు పూర్తిగా నల్లగా ఉంది. అది రాయి అని ఆమెకు తెలుసు. పొద్దున చూసింది కాబట్టి తెలుసు.

మర్నాడు అందరికన్నా ముందు ఆఫీసుకు వెళ్లింది. జనవరి టైల్ ఒకటి తెరిచింది. తెర అంచున వెలుతురు పెంచే పట్టీ ఒకటి ఉంటుంది. వాడితే ఒక్కో టైల్‌కు ఆలస్యమవుతుందని ఎవరూ దాన్ని ముట్టుకోరు. ఆమె దాన్ని మెల్లగా పైకి జరిపింది. నలుపు బూడిదయింది. బూడిద మట్టిరంగయింది. అందులో ఒక కాలిబాట మెలికలు తిరుగుతూ పైకి పోతోంది. బాట పక్కన ఒక పాక. మే టైల్ పక్కన పెట్టి చూసింది. అదే బాట, అదే పాక.

అంతకు ముందు ఏడాది జనవరి తెరిచింది. బాట ఉంది. పాక లేదు. చెట్లూ లేవు.

ఎవరూ ఐదు నెలల్లో కొట్టలేదు. ఎప్పుడో కొట్టారు. శీతాకాలం బొమ్మ తీసే వేళకు ఆ వాలు మీద ఎండ పడదు. నీడను తాము అడవి అన్నారు. ఇద్దరూ అన్నారు కాబట్టి అది పాసైంది.

ఆ రోజు కింద మిరపకాయలు పడుతున్నారు. చంద్రిక కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని మొత్తం విన్నది.

"అయితే ఇప్పుడేటంటారు?"

"చెప్పాలె."

"ఎవరికి?"

"ఫణీంద్ర సార్‌కు."

చంద్రిక గట్టిగా తుమ్మింది. కళ్లు తుడుచుకుంది.

"చెప్తే వాళ్లు మొదట అడిగేదేంటో తెలుసా అక్కా? ఇద్దరూ ఒకేలా ఎలా తప్పు చేశారూ అని. సంతకం పెట్టాం మనం."

"ఎరుకే."

"ఎరికైతే మరెందుకు? జనవరి తర్వాతే కొట్టేశారని అనుకోనీండి. ఐదు నెలల్లో కొట్టలేరా ఏంటి మనుషులు? కాపలా వస్తాది. మంచిదే కదా?"

"కాసెతందుకు ఆడ ఏమున్నది? ఉత్త మట్టి." పద్మశ్రీ గిన్నె మూత పెట్టింది. "అడుగున ఊళ్లున్నయి. నేనే గీతలు గీసి ఇచ్చిన. ఒక్క ఎండకాలంల అంత అడవి మింగిన్రని ఆళ్ల మీద రాస్తరు రేపు. ఫ్యాక్టరీల అట్టలు తక్కువొస్తె బెల్టు చివర ఉన్నోళ్ల సంచులే ఎతికేటోళ్లు. చివర ఉండేదాన్ని నేనే."

"ఎక్కడి ఊళ్లో! వాళ్లెవరో మనకి తెలుసా?"

"తెల్వదు."

"నేను తెలుసు కదా మీకు." చంద్రిక గొంతు తగ్గించింది. "మీ ఒక్కరి కుర్చీ కాదక్కా అది. నాది కూడా."

చంద్రిక లేచి, తినకుండానే గిన్నె సర్దుకుని పైకి వెళ్లింది. పద్మశ్రీ ఇంకాసేపు మెట్ల మీదే ఉంది. తర్వాత లేచి అద్దాల గది తలుపు తట్టింది.

ఫణీంద్ర చివరిదాకా విన్నాడు. తన తెర మీద టైల్ తెరిచి, పట్టీని తనే పైకి జరిపాడు. కిందికి జరిపాడు. మళ్లీ పైకి. చాలా టైళ్లు చూశాడు.

"మీరిద్దరూ మాట్లాడుకున్నారా?"

"తినుకుంట మాట్లాడినం సార్. ఒక్కసారి."

"ముందు ఎవరన్నారు?"

"యాదికి లేదు సార్," అంది పద్మశ్రీ. ఆమెకు యాదికి ఉంది. ఆవకాయ వాసనతో సహా ఉంది.

ఫణీంద్ర కుర్చీలో వెనక్కి వాలాడు.

"తేమ అన్నాను నేను. పంటకి పనికిరాదన్నాను." తెర మీది టైల్ మూసేశాడు. "మోడల్‌కి మీరు చెప్పారు. మీకు నేను చెప్పాను. అందరం ఒప్పేసుకున్నాం. సరే, వెళ్లండి."

రిపోర్టు పోలేదు. మ్యాచింగ్ సెంటర్ గుర్తు పెట్టిన నల్లటి వాలులన్నీ మోడల్‌లోంచి తీసేశారు. శనివారం గోడ మీద రెండో విడతకు ఉండే జోడీల పేర్లు అంటించారు. వాటిలో వాళ్ల పేర్లు లేవు.

ఇద్దరినీ వెంటనే పంపించెయ్యాలన్నాడు సూపర్‌వైజర్. ఫణీంద్ర వద్దన్నాడు. శీతాకాలపు బొమ్మలన్నీ వెలుతురు పెంచి మళ్లీ చూడాలి. రెండో విడత జోడీలకు ఆ తీరిక లేదు. మోసపోయిన కళ్లయితే నీడ దగ్గర ఆగుతాయి, వీళ్లనే చూడనివ్వండి, కాని ఈసారి నిజంగా విడివిడిగా అన్నాడు. ఒక సీటు మిగిలింది. పొద్దుటి పూట పద్మశ్రీ, మధ్యాహ్నం నుంచి చంద్రిక. సగం పని. అది అయ్యాక ఏమిటన్నది ఎవరూ చెప్పలేదు.

ఒకరు దిగి వెళ్లాకే ఇంకొకరు పైకి రావాలి. సూపర్‌వైజర్ కిటికీ దగ్గర నిలబడి చూసేవాడు. ఒకసారి నాచారం చౌరస్తాలో చంద్రిక ఆటో దిగుతూ కనిపించింది. పద్మశ్రీ ఆగింది. చంద్రిక ఆటో అతనితో చిల్లర గురించి చాలాసేపు మాట్లాడింది. తిరిగి చూడకుండా రోడ్డు దాటింది.

ఇంట్లో శివ అడిగాడు.

"సగం పూటనే ఇంటికొస్తున్నవేంది?"

"సగం కుర్చీ ఇచ్చిన్రు."

"కడమ సగం?"

"కడమ సగంల చంద్రిక కూసుంటది."

వెంకటనర్సమ్మకు ఆపరేషన్ అయింది. నల్లద్దాలు పెట్టుకుని డాబా మీదికి వచ్చి గుట్టను చూసింది. "అవునే, బండనే," అంది. కొంచెం నిరాశగా అంది.

పొద్దున వచ్చేసరికి కుర్చీ ఎత్తుగా ఉండేది. చంద్రిక ఎత్తుకు. పద్మశ్రీ రోజూ మీట లాగి దింపుకునేది. పట్టీని పైకి జరుపుతూ ఒక్కో టైల్ చూసేది. కొన్ని నీడల కింద మట్టి ఉంది. కొన్నిటి కింద నిజంగానే అడవి ఉంది. కొన్నిటిలో ఎంత వెలుతురు పెంచినా చుక్కలు తప్ప ఏమీ రాలేదు. వాటికి ఆమె బూడిదరంగు మీట నొక్కింది. ఎందుకు చెప్పలేవని ఇప్పుడు ఎవరూ వచ్చి అడగడం లేదు. వాళ్ల మ్యాచింగ్ బాగా పడిపోయింది. ఆ కాగితం ఫణీంద్ర అద్దాల గదిలో లోపలివైపు అంటించుకున్నాడు.

వానలు పట్టాక ఒక పొద్దున పద్మశ్రీ వచ్చి కూర్చుంటే పాదాలు నేలకు ఆనాయి. మీట మీదికి పోయిన చెయ్యి ఆగింది. కుర్చీ దింపి ఉంది. మీట పాడై దానంతట అదే దిగిందేమోనని లేచి, లాగి చూసింది. కుర్చీ పైదాకా లేచి అక్కడే నిలిచింది. మీట బాగానే ఉంది.

మళ్లీ దింపుకుని కూర్చుంది. టైల్ తెరిచింది. వాయవ్యపు వాలు నల్లగా ఉంది. పట్టీని చివరిదాకా జరిపినా ఏమీ తేలలేదు. బూడిద నొక్కింది. ఇదే టైల్‌కు మధ్యాహ్నం చంద్రిక ఏం నొక్కుతుందో ఆమెకు తెలియదు.

భోజనాల వేళకు లేచింది. సంచి భుజాన వేసుకుని, మీట లాగి, కుర్చీని పైదాకా లేపి వెళ్లింది.